ఆగిపోయిన సాఫ్ట్‌వేర్, ఆగని వాడుక

డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను తయారీ కంపెనీ ఆపేసినట్టు ప్రకటించినంత మాత్రాన, దాన్ని కొనుక్కున్నవాళ్ల కంప్యూటర్లలో అది ఆ రోజే ఆగిపోదు. సాధారణంగా ఈ తతంగం అంచెలంచెలుగా సాగుతుంది. ముందు కొత్త వెర్షన్లు రావడం ఆగుతుంది. తర్వాత అమ్మకం నిలిచిపోతుంది. చివరికి లోపాలు సరిదిద్దడం, వాడేవాళ్ల సందేహాలు తీర్చడమూ ఆగుతాయి. పాత కాపీ మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తుంటుంది. దానికి అసలు గండం కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ రూపంలో వస్తుంది. ప్రకటన వచ్చిన రోజుకూ ఆ గండం ముంచుకొచ్చే రోజుకూ మధ్య ఉన్న గడువును బట్టే వినియోగదారులు ఎలా స్పందిస్తారన్నది చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఇంత గొడవ ఎందుకంటే, సాఫ్ట్‌వేర్ ధర కన్నా దానిలో చేసిపెట్టిన పని విలువ ఎన్నో రెట్లు ఎక్కువ. ఒక డిజైనర్ దగ్గర పదేళ్ల లోగోలు, లేబుళ్లు, పుస్తకాల పేజీలు ఆ ఒక్క సాఫ్ట్‌వేర్ ఫైళ్లలోనే ఉంటాయి. ఎప్పుడో చేసిన మందు సీసా లేబుల్‌లో ధర ఒక్కటి మార్చి ఇమ్మని పాత ఖాతాదారు అడిగితే, ఆ ఫైలు తెరుచుకుని తీరాలి. దీనికి తోడు చేతి అలవాటు ఒకటుంది. ఏ పనికి ఏ మీట నొక్కాలో ఏళ్ల తరబడి వేళ్లకు అలవాటైపోతుంది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ ఓనమాలు దిద్దుకోవాలంటే కొన్ని నెలల సంపాదన దెబ్బతింటుంది.

సాఫ్ట్‌వేర్‌ను ఆపడానికి కంపెనీలకు ఉండే కారణాల్లో ముఖ్యమైనది విలీనం. ఒక కంపెనీ మరో కంపెనీని కొన్నాక ఒకే పని చేసే సరుకులు రెండు చేతిలో ఉంటే, ఒకదాన్ని వదిలించుకుంటుంది. దీనికి ఫ్రీహ్యాండ్ మంచి ఉదాహరణ. గీతలు, ఆకారాలతో బొమ్మలు గీసే ఈ సాఫ్ట్‌వేర్‌ను అమెరికాలోని టెక్సస్‌కు చెందిన ఆల్ట్‌సిస్ తయారుచేయగా, ఆల్డస్ అనే కంపెనీ 1988లో మార్కెట్లోకి తెచ్చింది. దీనికి గట్టి పోటీదారు అడోబ్ వారి ఇలస్ట్రేటర్. 1994లో ఆల్డస్ అడోబ్‌లో విలీనం కాబోతుంటే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అడ్డుచెప్పింది. పోటీపడే రెండు సాఫ్ట్‌వేర్లూ ఒకే చేతిలో ఉండకూడదంటూ ఫ్రీహ్యాండ్‌ను ఆల్ట్‌సిస్‌కు తిరిగి ఇప్పించింది. అనుమతి లేకుండా పదేళ్లపాటు దాన్ని మళ్లీ కొనకూడదని అడోబ్‌కు షరతు పెట్టింది. ఆ తర్వాత ఆల్ట్‌సిస్‌ను మాక్రోమీడియా కొనుక్కుంది. 2005లో ఆ మాక్రోమీడియానే అడోబ్ సుమారు 340 కోట్ల డాలర్లకు కొనేసింది. అలా పదేళ్ల తర్వాత ఫ్రీహ్యాండ్ మళ్లీ అడోబ్ చేతికే వచ్చింది.

2003లో వచ్చిన ఫ్రీహ్యాండ్ ఎంఎక్స్ చివరి వెర్షన్ అయింది. ఇక కొత్తవి ఉండవని, ఇలస్ట్రేటర్‌కు మారడం మేలని 2007 మేలో అడోబ్ ప్రకటించింది. వాడేవాళ్లు ముందు నిరసన తెలిపారు, ఆ తర్వాత మొండికేశారు. వాళ్ల పట్టుదల వెనక కేవలం అభిమానమే కాదు, కారణాలూ ఉన్నాయి. ఒక సంస్థకు లెటర్‌హెడ్, విజిటింగ్ కార్డు, కవరు చేయాలంటే ఫ్రీహ్యాండ్‌లో మూడింటినీ వేర్వేరు కొలతల పేజీలుగా ఒకే ఫైలులో పెట్టుకోవచ్చు. ఇలస్ట్రేటర్‌లో ఆ వీలు 2008లో సీఎస్4 వెర్షన్ వచ్చేదాకా లేదు. అప్పటివరకు ఒక్కోదానికి ఒక్కో ఫైలు తెరవాల్సిందే. మెరుగైనదని చెప్పి అంటగట్టిన సాఫ్ట్‌వేర్‌లో తమ రోజువారీ పనికి రెట్టింపు సమయం పడుతుంటే వాడేవాళ్లకు కోపం రావడం సహజం.

2009లో వీరిలో కొందరు ఫ్రీ ఫ్రీహ్యాండ్ పేరుతో ఒక సంస్థగా ఏర్పడ్డారు. సాఫ్ట్‌వేర్‌ను మెరుగుపరచండి, లేదా మరొకరికి అమ్మేయండి అన్నది వాళ్ల డిమాండు. ఫలితం లేకపోవడంతో 2011 మేలో కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టులో గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద దావా వేశారు. పోటీ సరుకును కొని మూలన పడేయడం వల్ల మార్కెట్లో ఎంచుకునే అవకాశమే పోయిందన్నది వారి వాదన. దావాను మొదట్లోనే కొట్టేయమని అడోబ్ కోరినా, 2012 ఫిబ్రవరిలో కోర్టు కొన్ని ఆరోపణలను విచారణకు నిలబెట్టింది. చివరికి వ్యవహారం రాజీతో ముగిసింది. సంస్థ సభ్యులకు అడోబ్ ఉత్పత్తులపై తగ్గింపు ధర, ఇలస్ట్రేటర్‌లో చేర్చాల్సిన సౌకర్యాలపై వారి కోరికలు వినే ఏర్పాటు దక్కాయి. ఫ్రీహ్యాండ్ మాత్రం తిరిగి రాలేదు.

ఈలోగా అసలు దెబ్బ మరోవైపు నుంచి తగిలింది. ఫ్రీహ్యాండ్ మ్యాక్ వెర్షన్‌ను పాతతరం పవర్‌పీసీ చిప్‌ల కోసం రాశారు. ఆపిల్ 2006లో ఇంటెల్ చిప్‌లకు మారినా, పాత సాఫ్ట్‌వేర్లు నడవడానికి రోసెటా అనే అనువాద వ్యవస్థను కొన్నాళ్లు కొనసాగించింది. 2011 జులైలో వచ్చిన మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ లయన్ వెర్షన్‌లో దాన్ని తీసేసింది. దాంతో కొత్త మ్యాక్‌లో ఫ్రీహ్యాండ్ తెరుచుకోకుండా పోయింది. అప్పుడు కొందరు పాత మ్యాక్‌లను భద్రంగా దాచుకున్నారు. కొందరు ఇలస్ట్రేటర్‌కు మారారు. మరికొందరు 2014లో బ్రిటన్‌కు చెందిన సెరిఫ్ కంపెనీ తెచ్చిన అఫినిటీ డిజైనర్ లాంటి ప్రత్యామ్నాయాలను ఎంచుకున్నారు.

ఆల్డస్‌దే మరో సాఫ్ట్‌వేర్, పేజీలు కూర్చే పేజ్‌మేకర్. దాని కథ తెలుగువారికి దగ్గరిది. 1985లో మ్యాక్ కోసం వచ్చిన ఈ సాఫ్ట్‌వేరే డీటీపీకి (డెస్క్‌టాప్ పబ్లిషింగ్) తలుపులు తెరిచింది. 1994 విలీనంతో అది అడోబ్‌కు దక్కింది. 2001 నాటి 7.0 చివరి పెద్ద వెర్షన్. 1999లోనే అదే పనికి ఇన్‌డిజైన్‌ను విడుదల చేసిన అడోబ్, 2004లో పేజ్‌మేకర్ అభివృద్ధికి స్వస్తి చెప్పి, దాన్ని వాడేవాళ్ల కోసం ఇన్‌డిజైన్‌లో ప్రత్యేక ఎడిషన్ తెచ్చింది. పేజ్‌మేకర్ కొత్త మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఎన్నడూ మారలేదు కాబట్టి మ్యాక్ వాడేవాళ్లు త్వరగానే వదిలేయాల్సి వచ్చింది. విండోస్‌లో అది నడుస్తూనే ఉంది. తెలుగునాట డీటీపీ సెంటర్లలో ఉన్నవి ఎక్కువగా విండోస్ కంప్యూటర్లే. అందుకే ఇక్కడ ఉద్యమాలూ దావాలూ లేవు. కంపెనీ ఆపేసిన ఎన్నో ఏళ్ల తర్వాత కూడా శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు పేజ్‌మేకర్‌లోనే తయారయ్యాయి.

దీనికి అలవాటొక్కటే కారణం కాదు. తెలుగు పేజీ సెట్టింగ్ అను ఫాంట్ల వంటి, యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేత పద్ధతి) పూర్వపు ఫాంట్ల మీద నడిచింది. వీటిలో ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వంటి ముక్కలను కూర్చి ఉంచారు. ఆ ముక్కలు కలిస్తేనే తెరమీద తెలుగు అక్షరం కనబడుతుంది. అదే పాఠాన్ని కాపీ చేసి యూనికోడ్ ఫాంట్‌లో అతికిస్తే అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే మిగులుతాయి. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. మొదటి ఇన్‌డిజైన్‌లకు యూనికోడ్ తెలిసినా తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పేర్చడం రాలేదు. భారతీయ భాషలను కూర్చే ఏర్పాటు 2012 నాటి సీఎస్6లో వచ్చింది. పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగలిగిన చివరి ఇన్‌డిజైన్ కూడా అదే. అంటే తెలుగుకు తగిన సాఫ్ట్‌వేర్ చేతికొచ్చేసరికి పాత ఫైళ్లను తెచ్చుకునే దారి మూసుకుపోతోంది. మారాలంటే సాఫ్ట్‌వేర్‌తోపాటు ఫాంటు, కీబోర్డు, పాత ఫైళ్లు అన్నీ మారాలి. మార్చాక ఎక్కడ ఏ ఒత్తు ఎగిరిపోయిందోనని పుస్తకమంతా మళ్లీ ప్రూఫు చూడాలి. ఆ ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు జవాబు లేకనే చాలామంది ఉన్నచోటే ఉండిపోయారు.

చందా పద్ధతి వచ్చాక పరిస్థితి మారింది. ఇకపై కొత్త వెర్షన్లను శాశ్వత లైసెన్సు మీద అమ్మబోమని, క్రియేటివ్ క్లౌడ్ చందా మీదే ఇస్తామని 2013 మేలో అడోబ్ ప్రకటించినప్పుడు, వేలమంది ఆన్‌లైన్ విజ్ఞాపన మీద సంతకాలు చేశారు. చందా ఆగితే సాఫ్ట్‌వేరూ ఆగుతుంది. కాబట్టి పాత కాపీతో ఏళ్లు నెట్టుకొచ్చే వీలు తగ్గిపోయింది. ఉదాహరణకు, కోడ్ రాయకుండా వెబ్‌సైట్లు తయారుచేసే మ్యూజ్‌కు ఇక మెరుగులు ఉండవని 2018 మార్చిలో అడోబ్ చెప్పింది. సాంకేతిక సహాయానికి రెండేళ్ల గడువిచ్చింది. మ్యూజ్ ఫైళ్లను తెరిచి సవరించగల మరో సాఫ్ట్‌వేర్ లేకపోవడంతో, ఖాతాదారుల సైట్లను మొదటినుంచి కట్టుకోవాల్సిన భారం డిజైనర్ల మీద పడింది.

నిరసనలు ఫలించిన సందర్భమూ ఉంది. కార్టూన్ యానిమేషన్‌కు వాడే యానిమేట్‌ను ఆపేస్తున్నట్టు 2026 ఫిబ్రవరిలో అడోబ్ తెలియజేసింది. యానిమేటర్ల నుంచి తీవ్ర వ్యతిరేకత రావడంతో కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గింది. కొత్త సౌకర్యాలు చేర్చకపోయినా నిర్వహణ కొనసాగిస్తామని చెప్పింది. ఇలాంటి సందర్భాల్లో కంపెనీ తీరు కూడా కోపాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. 2014లో సాఫ్ట్‌ఇమేజ్ అనే 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌ను ఆపినప్పుడు ఆటోడెస్క్ కంపెనీ, నిర్వహణ ఒప్పందం ఉన్నవారికి తన మాయా, 3డీఎస్ మ్యాక్స్‌లలో ఒకదానికి ఉచితంగా మారే వీలిచ్చింది. డబ్బు నష్టం తగ్గినా, ఏళ్లుగా అలవాటైన పద్ధతి పోయిందన్న బాధ మాత్రం వాడేవాళ్లకు తీరలేదు.

ఈ అనుభవాల నుంచి డిజైనర్లు నేర్చుకున్న జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. పని పూర్తయ్యాక అసలు ఫైలుతోపాటు పీడీఎఫ్ కాపీని కూడా ఉంచుకోవడం మొదటిది. దాన్ని సవరించడం కష్టమైనా చూడవచ్చు, ప్రింటు తీయవచ్చు. బొమ్మలను ఎస్‌వీజీ ఫార్మాట్‌లో, పాఠాన్ని యూనికోడ్‌లో విడిగా భద్రపరిస్తే ఇతర సాఫ్ట్‌వేర్లలోకీ తీసుకెళ్లవచ్చు. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను వర్చువల్ మెషీన్‌గా కొత్త కంప్యూటర్‌లోనే నడుపుకోవచ్చు. లిబ్రేఆఫీస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఫ్రీహ్యాండ్, పేజ్‌మేకర్ ఫైళ్లను కొంతమేరకు తెరవగలుగుతున్నాయి. కానీ పేజీ అమరిక ఉన్నదున్నట్టు వస్తుందన్న భరోసా లేదు. అందుకే ఫైళ్లను మార్చే పనిని పాత సాఫ్ట్‌వేర్ ఇంకా నడుస్తున్నప్పుడే, ఆపేస్తున్నట్టు ప్రకటన వెలువడిన వెంటనే మొదలుపెట్టాలి.