ఈసీజీలో కనపడని దడ

నిద్ర కరువైనా, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా ‘అదే పోతుందిలే’ అని ఏళ్లు నెట్టుకొస్తాం. ముదిరాక పట్నానికి పరుగు తీస్తాం. బీదర్ సీమకు ఈ పరుగు పాతదే. దాన్ని తప్పించే దారి కూడా ఈ చుట్టుపక్కలే పుట్టింది.

గుండె దడదడలాడుతుంది. ఛాతీ పట్టేసినట్టుంటుంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది, మళ్లీ కన్ను మూతపడదు. మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్ బిళ్ల. ఆ తర్వాత బీదర్‌లో ఈసీజీ, రక్తపరీక్షలు. అదీ అయ్యాక ‘నరాల డాక్టరు’ కోసం హైదరాబాద్ బస్సు. రిపోర్టులన్నీ నార్మలే. చివరికి అందరూ కలిసి తేల్చే మాట ఒకటే: ‘నీకేం లేదు, ఊరికే ఆలోచిస్తున్నావు.’

రిపోర్టు నార్మల్ అంటే ఆ పరీక్షల్లో జబ్బు కనపడలేదని అర్థం, మనిషికి బాధ లేదని కాదు. ఆందోళన, కుంగుబాటు మన దగ్గర చాలాసార్లు ఒంటి నొప్పుల వేషంలో వస్తాయి. ‘నాకు దిగులుగా ఉంది’ అని ఓపీలో నోరు విప్పేవారు తక్కువ. తలబరువు, అరికాళ్ల మంటలు, నీరసం అని చెప్పుకొనేవారే ఎక్కువ. థైరాయిడ్, రక్తహీనత, బీ12 లోపం వంటివి కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి ముందు ఆ పరీక్షలు చేయించుకోవాల్సిందే. అవన్నీ బాగున్నాయని తేలాక ఫైలు మూసేసి ఇంటికి వచ్చేస్తున్నామే, అక్కడే అసలు వైద్యం ఆగిపోతోంది.

జాల్నా, ఎర్రగడ్డ, బళ్లారి

1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసేదాకా బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలో ఒక జిల్లా. ఆ రాజ్యపు మానసిక చికిత్సాలయం చాలాకాలం జాల్నాలో ఉండేది, 1953లో హైదరాబాద్‌లోని ఎర్రగడ్డకు తరలింది. ఎక్కడున్నా పద్ధతి ఒకటే. రోగిని ఇంటికి దూరంగా, గోడల మధ్య ఉంచడం. ఎర్రగడ్డ పేరును వెక్కిరింపుగా వాడుకోవడంలో మన సినిమాలు చేసిన సేవ తక్కువేం కాదు. దిగులుగా ఉన్న మనిషిని డాక్టరును కలవమంటే ‘నాకేమన్నా పిచ్చా?’ అని ఎదురు తిరగడంలో వింతేముంది? వైద్యం అంటే గోడల వెనుకకు పంపడమేనని తరతరాలుగా చూస్తూ వచ్చారు మరి.

ఆ గోడలు దాటించే పని మొదలైంది బళ్లారిలో. తెలుగూ వినిపించే జిల్లా అది, బీదర్‌లాగే కళ్యాణ కర్ణాటకలోనిది. 1980ల నడుమ బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు మనసు జబ్బులను గుర్తుపట్టడం నేర్పారు. జ్వరం బిళ్ల ఇచ్చే చోటే ఈ మందులూ దొరికేలా చేశారు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే కాగితం మీదికి వచ్చినా, దానికి కాళ్లు వచ్చింది బళ్లారిలోనే. ఆ నమూనానే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంగా దేశంలో కొద్ది జిల్లాలతో మొదలుపెట్టారు. తొలి విడతలో ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైంది మెదక్. ఇవాళ బీదర్ పొలిమేరను ఆనుకుని ఉన్న జహీరాబాద్, నారాయణఖేడ్ అప్పుడు మెదక్ జిల్లాలోవే.

ఇంత దగ్గర్లో పుట్టిన ఆలోచన ఇంటింటికీ చేరిందా అంటే, చేరలేదు. 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ప్రతి వంద మంది పెద్దల్లో పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్టు తేలింది. కుంగుబాటు, ఆందోళన వంటి సాధారణ సమస్యలున్న వారిలో దాదాపు 85 శాతానికి ఏ చికిత్సా అందలేదు. జిల్లా కార్యక్రమం కూడా తీవ్రమైన జబ్బుల మీద, మాత్రల మీద పెట్టిన దృష్టి మాటలతో చేసే వైద్యం మీద పెట్టలేదన్నది నా అభిప్రాయం.

ఆరు నుంచి ఎనిమిది సార్లు

మాటలతో చేసే ఆ వైద్యమే థెరపీ. అదంటే సలహాలు ఇవ్వడమని చాలామంది అనుకుంటారు. సలహాలకు మన ఇళ్లలో కొదవేముంది! థెరపిస్టు ముందు అడిగేది: ఎప్పటి నుంచి, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఉందా, పని సాగుతోందా, చచ్చిపోవాలనిపిస్తోందా. ఆ తర్వాత మీ రోజును విప్పి చూస్తారు. కుంగిన మనిషి ఒక్కో పనీ మానేస్తాడు. మానేసిన కొద్దీ సంతోషపడే సందర్భాలు తగ్గుతాయి, అవి తగ్గిన కొద్దీ ఇంకా కుంగుతాడు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి. అందుకే వారానికో చిన్న పని ఒప్పుకోమంటారు. పొద్దున పొలం గట్టు దాకా నడవడం, మాట్లాడడం మానేసిన స్నేహితుడికి ఫోను చేయడం లాంటివి. వచ్చే వారం అది ఎలా సాగిందో కూర్చుని మాట్లాడతారు.

గోవాలో మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం ఈ పద్ధతినే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పరీక్షించింది. మాట్లాడింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు స్థానికులు. ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోవడం, అంతే. బాగా కుంగిపోయిన వారిలో మూడు నెలలకు 64 శాతం ఆ స్థితి నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యం మాత్రమే అందిన వారిలో అలా తేరుకున్నది 39 శాతం. జింబాబ్వేలో 2006 నుంచి ఇదే పనిని క్లినిక్ బయట బల్ల మీద కూర్చుని అమ్మమ్మలు చేస్తున్నారు. బాగా కుంగిన వారికే ఇది ఇంత పనిచేస్తుంటే, మొదట్లోనే వచ్చిన వారిని వెనక్కి పంపడంలో అర్థం లేదు.

దీనికి బదులు జరుగుతున్నదేమిటి? నిద్ర పట్టలేదని ఆల్ప్రజోలామ్ వంటి బిళ్ల ఎవరి చీటీ మీదో కొనుక్కోవడం. కొన్ని వారాల్లో ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, ఆపితే దడ రెట్టింపవుతుంది. కొందరు మందు సీసాతో ఇదే పని చేస్తారు.

ఇంకొందరు దేవుడి దగ్గరికి వెళతారు. బీదర్ ఝరణీ నరసింహుడి గుహలో లోతు నీళ్లలో నడిచి వెళ్లి దండం పెట్టుకొనేవారిలో తెలంగాణ భక్తులు చాలామంది. దర్గాలకూ మతభేదం లేకుండా వెళ్లే సీమ ఇది. వెళ్లడంలో తప్పేమీ లేదు. గుజరాత్‌లో ఉనావా దర్గాలో ముజావర్లే దువా చేసి పక్కనే ఉన్న మానసిక వైద్యుడి దగ్గరికి పంపే ఏర్పాటు నడిచింది. మొక్కు మొక్కే, మందు మందే.

హాస్టల్ గదిలో పదిహేడేళ్ల వయసు

బీదర్ ఇప్పుడు నీట్ కోచింగ్ ఊరు. షాహీన్ వంటి సంస్థలకు ఎక్కడెక్కడి పిల్లలో వస్తారు. మనసు జబ్బులు తలెత్తే వయసూ ఇదే. 2022లో వెలువడిన ఒక పెద్ద అంతర్జాతీయ విశ్లేషణ ప్రకారం మానసిక సమస్యల్లో దాదాపు సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయి. ‘ఈ ఒక్క సంవత్సరం ఓర్చుకో బిడ్డా’ అని ఫోనులో చెప్పే తండ్రికి ప్రేమ లేక కాదు, ఓర్పుకు మించిన బాధ ఎలా ఉంటుందో తెలియక. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణంపై విచారణలో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యా సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. పిల్లను చేర్పించే రోజు ఫీజు ఎంత అని అడిగినట్టే, కౌన్సెలర్ ఎవరు, ఏ రోజు కూర్చుంటారు అని కూడా అడగండి.

బీదర్‌లో బ్రిమ్స్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, ముందు అక్కడ అడగండి. కర్ణాటకలో మనోచైతన్య కార్యక్రమం కింద మంగళవారాల్లో తాలూకా ఆసుపత్రులకు మానసిక వైద్యుణ్ని పంపే ఏర్పాటు చేశారు. భాల్కి, ఔరాద్ వైపు వారు తమ ఆసుపత్రిలో విచారించుకోవచ్చు. ప్రైవేటుగా వెళితే క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. బోర్డు మీద రాసుకున్న వాళ్లందరూ చదువుకున్నవాళ్లు కారు.

బస్సెక్కే ఓపిక లేదా? 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ ఉంది. బజారులో నాలుగు భాషలు వినిపించే బీదర్‌లో మనసులోని మాట మాత్రం ఇంటి భాషలోనే వస్తుంది. ఈ లైన్‌లో తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ నాలుగూ ఉన్నాయి. డబ్బు అక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది.

చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే రేపటి దాకా ఆగకండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కేసవుతుందన్న భయం వద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించాలంటుంది. శిక్షించమనదు. మిగతా వారికి ఒక గడువు చెబుతాను. నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస, వీటిలో ఏది చెడినా రెండు వారాలు చూడండి. అప్పటికీ కుదుటపడకపోతే టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి.