శీతలయంత్రముల గొట్టములకు ఎట్టి యుక్కు వలయును?

మిరపకాయలను శీతలగిడ్డంగిలో దాచుటయు, పాలను కేంద్రమునందు చల్లబఱచుటయు, మేలుజాతి యాబోతుల వీర్యమును ద్రవనత్రజనిలో నిలువయుంచుటయు నేడు రైతులకు పరిచితములైన పనులు. ఆ చల్లదనమును మోయు గొట్టములను గూర్చి మాత్రము మనము విచారించుట యరుదు. వెలతక్కువ గొట్టమువలన మిగులు ధనము స్వల్పము; అది పగిలినచో సరకే కాదు, అమ్మోనియా వాయువు సోకి పనివారి ప్రాణములును పోవచ్చును.

చలిలో ఉక్కు బలము తగ్గునని పలువురు తలంతురు. అది సరికాదు. లాగుడునకు దాని బలము చలిలో హెచ్చును. దెబ్బకు వంగి తాళుకొను గుణమే నశించును. వెచ్చని బెల్లపుపాకము సాగును. చల్లారినపిదప దెబ్బతగిలిన పెళుక్కున విఱుగును. సామాన్యపుటుక్కును అట్టిదే. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లండు రేవున కట్టియుంచిన ‘షెనెక్టడీ’ యను క్రొత్త నూనెయోడ నిశ్చలమైన నీటిలోనే ఒక చలిరాత్రి రెండుగా చీలెను. పెళుసైన యుక్కును, అతుకులలోని లోపములును అందులకు కారణములు.

ఇట్టి లోహవిద్యకు మన హైదరాబాదులోనే నెలవు కలదు. పాతబస్తీకి ఆగ్నేయమున కంచన్‌బాగునందు 1973లో స్థాపింపబడిన మిశ్రధాతు నిగమము ప్రత్యేకపుటుక్కులను, టైటానియమును, నికెలు మిశ్రలోహములను చేయుచున్నది. అంతరిక్ష, రక్షణశాఖలు దాని ముఖ్య గ్రాహకులు. 2014 జనవరి 5వ తేదీన శ్రీహరికోటనుండి స్వదేశీయ శీతలయంత్రముతో ఎగిరిన రాకెట్టులో సున్నకు దిగువ 183 డిగ్రీల ద్రవప్రాణవాయువును, 253 డిగ్రీల ద్రవ ఉదజనియు ఇంధనసామగ్రియై యుండెను. అంతటి చలికి సామాన్యపుటుక్కు పనికిరాదు.

గొట్టముల తరగతులివి. డిగ్రీలన్నియు సున్నకు దిగువవి. సుమారు 29 డిగ్రీలవఱకు సామాన్యపు కార్బనుక్కు చాలును. 45 వఱకు, ఆ చలియందే దెబ్బపరీక్షకు నిలిచిన కార్బనుక్కు కావలెను. ఏ-333 ఆఱవ తరగతి యనునది యిదియే. 100 వఱకు నూటికి మూడున్నర పాళ్లు నికెలు కలిపిన యుక్కును, 196 వఱకు తొమ్మిది పాళ్లు కలిపినదియు వాడుదురు. 304 రకపు తుప్పుపట్టని యుక్కు సైతము ఆ చలికి పెళుసుబాఱదు. అల్యూమినియమును అట్టిదే, వీర్యపు పాత్రలను సామాన్యముగా దానితో చేయుటకు అదియొక కారణము.

గిడ్డంగి గది 5 డిగ్రీల వెచ్చదనమున నున్నను గొట్టము అంతకంటె చల్లగా నుండును. బయటి వాయుపీడనమున అమ్మోనియా మైనస్ 33 డిగ్రీలకు మరుగును. కావున పీడనము హఠాత్తుగా పడిపోయినచో గొట్టము ఆ చలికి దిగవచ్చును. గదిని చూచి కాక, గొట్టమునకు కలుగగల మిక్కిలి చలిని ఇంజనీరుచే లెక్కవేయించి ఎన్నుకొనవలెను. అట్లని మిరపగిడ్డంగికి తొమ్మిది పాళ్ల నికెలుక్కును కొనుట వృథావ్యయము.

కొనుగోలు సంఘమువారు ఈ సంగతులను మఱువరాదు: గొట్టముపై ముద్రించిన పోతసంఖ్యయు పరీక్షాపత్రములోని సంఖ్యయు సరిపోవలెను. దెబ్బపరీక్ష ఏ చలియందు జరిగినదో పత్రమున నుండవలెను. గొట్టము మేలిదైనను అతుకు నాసియైన ప్రయోజనము లేదు. అతుకులకును అదే పరీక్ష అవసరము. చరిత్ర తెలియని పాతగొట్టములను ముట్టరాదు. అమ్మోనియా తగులుచోట రాగి, ఇత్తడి బిగింపులు కూడవు, అవి తినివేయబడును.

విత్తనమును చేతబట్టి చూచి కొను రైతు, గొట్టమును కాగితముతో సరిచూచి కొనుట న్యాయము.