గుండె గడియారం కాదు సుమండీ!

మన గుండె గోడ గడియారంలా టిక్కుటిక్కుమని ఒకే లెక్కన కొట్టుకుంటుందని అనుకుంటున్నారా? మొన్నమొన్నటి దాకా నేనూ అలాగే అనుకున్నాను. ఆరోగ్యంగా ఉన్న గుండె అలా కొట్టుకోదట. ఊపిరి పీల్చినప్పుడు కాస్త త్వరగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. ఒక స్పందనకీ మరో స్పందనకీ మధ్య ఎడం వెంట్రుకవాసి మారుతూనే ఉంటుంది. ఆ తేడానే డాక్టర్లు 'హార్ట్ రేట్ వేరియబిలిటీ' అంటారు. సెకనులో వెయ్యో వంతుల్లో దీన్ని కొలుస్తారు.

ఇదంతా మనకెందుకంటారా? చెబుతాను.

2023 వర్షాకాలంలో మా అబ్బాయి మొదటి జీతంతో వాళ్ల నాన్నగారికి స్మార్ట్ వాచీ కొనిచ్చాడు. రాత్రి నిద్రలో ఈ తేడాని కొలిచి, పొద్దున్నే ఒక అంకె చూపిస్తుంది. రోజూ 38, 40 ఉండేది ఒకరోజు 21కి పడింది. "గుండె నిలకడగా ఉందన్నమాట, మంచిదే" అనుకున్నాను. సాయంత్రానికి మావారికి ఒళ్లు కాలిపోయే జ్వరం!

తర్వాత డాక్టరుగారు విడమరిచి చెప్పారు. గుండెని నెమ్మదిగా నడిపించేది వేగస్ నరం. పరుగు పెట్టించే నరాలు వేరే ఉన్నాయి. వైరస్ ఒంట్లో చేరి శరీరం దానితో పోరాటానికి దిగితే వేగస్ పట్టు సడలుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఆ తేడా తగ్గుతుంది. అంటే ఇక్కడ అంకె పడిపోవడం మంచిది కాదన్నమాట!

కోవిడ్ రోజుల్లో, 2020లో, న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ వైద్యులు దాదాపు మూడు వందలమంది ఆసుపత్రి సిబ్బందికి వాచీలు పెట్టి గమనించారు. పరీక్షలో కోవిడ్ అని తేలడానికి వారం ముందు నుంచే కొందరిలో ఈ తేడా తీరు మారిందట.

అలాగని వాచీనే డాక్టరు అనుకునేరు! నిద్ర చాలకపోయినా, మనసు బాగోకపోయినా, మద్యం తాగినా ఆ అంకె పడిపోతుంది. ఏ వైరస్సో అది చెప్పలేదు. పక్కింటావిడ అంకెతో మన అంకె పోల్చుకోనూ కూడదు. ఎవరి మామూలు వారిదే.

మా ఇంట్లో జరిగిందే చూడండి. నాలుగో రోజు జ్వరం దిగింది, అంకె కూడా 30కి వచ్చింది. "చూశావా, వాచీ కూడా బాగుందంటోంది, ఆఫీసుకెళతాను" అన్నారు మావారు. చేయి పట్టుకుంటే చల్లగా ఉంది. కడుపునొప్పి అంటూ రెండుసార్లు వాంతి చేసుకున్నారు. నేను వినలేదు, ఆటో పిలిచాను. డెంగీ! మూడు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. డెంగీలో జ్వరం దిగేటప్పుడే అసలు గండం పొంచి ఉంటుందట.

అందుకని మీకు చెప్పేది ఇదే. వాచీ ఉంటే రోజూ ఒకే వేళకి అంకె చూసి క్యాలెండరులో రాసుకోండి. లేకపోతే పొద్దున్న లేవగానే మణికట్టు దగ్గర నాడి నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పెద్దవాళ్లకి 60 నుంచి 100 దాకా మామూలే. జ్వరం వచ్చాక మాత్రం కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చల్లబడ్డ చేతులు, మగత – వీటిలో ఏది కనిపించినా అంకె ఎంతుందో చూస్తూ కూర్చోకండి. వెంటనే డాక్టరు దగ్గరికి బయలుదేరండి.

అంకె వాచీ చూపిస్తుంది. మనిషిని చూసుకోవలసింది మనమే కదా!