నల్లా నీళ్లే కదా అని నమ్మవద్దు

"మేం చెరువు నీళ్లు తాగలేదు సిస్టర్, నల్లా నీళ్లే పట్టుకున్నం. మరి బిడ్డకు వాంతులు, విరేచనాలు ఎట్లొచ్చినయి?" వానాకాలంలో పిల్లల వార్డులో ఒక తల్లి నన్ను అడిగిన ప్రశ్న ఇది. దీనికి జవాబు గొట్టంలోనే ఉంది.

మన జగదేవ్‌పూర్ మండలం ఉన్న గజ్వేల్ నియోజకవర్గంలోనే, కోమటిబండలో, 2016 ఆగస్టు 7న మిషన్ భగీరథ ప్రారంభమైంది. నీటిని శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి పంపుతారు. కాని అక్కడి నుండి మన బిందె దాకా చాలా దూరం ఉంది.

గొట్టాల లోపల సన్నని మట్టి, తుప్పు పేరుకుంటాయి. సూక్ష్మక్రిములు జిగురు పొరగా ఏర్పడి గోడలకు అంటుకుంటాయి. ఆ పొరలోకి క్లోరిన్ సులువుగా చొరబడలేదు. ఆగిన నీటిని ఒక్కసారిగా వదిలితే ఆ మడ్డి కదిలి నల్లాలోకి వస్తుంది.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం లీకేజీ. నీళ్లు ఆగినప్పుడు గొట్టంలో ఒత్తిడి తగ్గి, పగుళ్ల గుండా మోరీ నీరు లోపలికి చేరవచ్చు. నల్లాకు నేరుగా మోటారు బిగించినా, గుంత తవ్వి నల్లాను అందులో ఉంచినా ఇదే ప్రమాదం. 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషితమైన నల్లా నీరు తాగి అనేకమంది ఆసుపత్రి పాలయ్యారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు.

మీరు చేయవలసినవి:

• మొదట వచ్చే మురికి నీళ్లను వదిలేసి, తేటపడ్డాకే బిందె పెట్టండి.
• గుడ్డతో వడపోస్తే మట్టి పోతుంది, క్రిములు పోవు. నీళ్లు తెర్లిన తరువాత కనీసం ఒక నిమిషం మరగనివ్వండి.
• కొద్దిపాటి క్లోరిన్ వాసనకు భయపడవద్దు. చివరి నల్లా వద్ద కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి.
• నీటికి దుర్వాసన వచ్చినా, లీకేజీ కనిపించినా పంచాయతీకి వెంటనే తెలపండి.

బిడ్డకు విరేచనాలైతే తల్లిపాలు ఆపవద్దు. లీటరు మరిగించి చల్లార్చిన నీటిలో ఒక ఓ.ఆర్.ఎస్. పెద్ద ప్యాకెట్ కలిపి కొద్దికొద్దిగా పట్టండి. కళ్లు గుంటలు పడినా, మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా ఉన్నా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి.

ఆ తల్లి బిడ్డ కోలుకుని ఇంటికి వెళ్లింది. వెళ్లేటప్పుడు ఆమె మందుల గురించి అడగలేదు. "నీళ్లు ఎంతసేపు మరిగించాలె సిస్టర్?" అని మరోసారి అడిగి వెళ్లింది.