ఖమ్మం నేర్పిన టీకా పాఠం

గర్భాశయ ముఖద్వార కేన్సర్ ఏటా 70 వేలకు పైగా భారతీయ మహిళలను బలిగొంటున్నది. దానికి మూలమైన హెచ్‌పివి వైరస్‌ను నిరోధించే టీకా పల్లె బాలికలకు అందాలంటే ముందుగా ఖమ్మం అనుభవాన్ని గుర్తు చేసుకోక తప్పదు.

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10-14 ఏళ్ల బాలికలు దాదాపు 14 వేల మందికి ప్రయోగాత్మకంగా ఈ టీకా వేయించడం ప్రారంభించాయి. వారిలో కొందరు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని నిలిపివేసింది. నీట మునగడం, పురుగుమందు వంటివే కారణాలనీ, టీకాతో సంబంధం ఉండే అవకాశం లేదనీ విచారణ సంఘం తేల్చింది.

అయినా అనుమానం తొలగలేదు. తొలగుతుందని ఆశించడమూ అత్యాశే. 9,543 అంగీకార పత్రాల్లో 2,763 వాటిపై హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారనీ, 1,948 వాటిపై వేలిముద్రలే ఉన్నాయనీ 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఎత్తిచూపింది. హాస్టల్‌లో ఉన్న బిడ్డకు ఏ సూది వేశారో గిరిజన తల్లిదండ్రులకు చెప్పినవారెవరు?

2018లో సిక్కిం ఇందుకు భిన్నంగా వ్యవహరించింది. ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ముందే వివరించి, పాఠశాలల్లోనే టీకా వేయించి 95 శాతానికి పైగా బాలికలకు అందించింది.

ఖమ్మంలో మూడు మోతాదులు అవసరమయ్యాయి. ఒక్కటైనా సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది. ఆ విధంగా మిగిలే సమయంలో ఆరోగ్య కార్యకర్త భద్రాచలం మన్యంలో ఇంటింటికీ వెళ్లి, కోయ భాషలోనే విషయం వివరించి, తల్లిదండ్రుల చేతనే అంగీకార పత్రంపై సంతకం చేయించవచ్చు.