బ్యారెల్‌లో రాగి: నీలం మరకను ఎంత నమ్మాలి?

అమెరికాలో ఏఆర్-15 తరహా సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను విడిభాగాలు కొనుక్కుని ఇంట్లోనే బిగించుకునేవాళ్లు చాలామంది. అలా సిద్ధమైన కొత్త రైఫిల్‌ను రేంజ్‌లో కాల్చి, ఇంటికొచ్చి సాల్వెంట్‌తో బ్యారెల్ తుడిస్తే గుడ్డముక్క నీలంగా వస్తుంది. మళ్లీ తుడిస్తే మళ్లీ నీలమే. లోపల రాగి పేరుకుపోయింది, నాసిరకం బ్యారెల్ అంటగట్టారు అన్న అనుమానం అప్పుడే మొదలవుతుంది. కొన్నిసార్లు అది నిజం. చాలాసార్లు తొందరపాటు.

తూటా లోపల సీసం ఉంటుంది, పైన పల్చటి తొడుగు. ఆ తొడుగు ఎక్కువగా గిల్డింగ్ మెటల్, అంటే సుమారు 95 శాతం రాగి, 5 శాతం జింకు. బ్యారెల్‌లోని మెలికల గాళ్లు దాన్ని ఒరుసుకుంటూ తిప్పుతాయి. 7 అంగుళాలకు ఒక చుట్టు తిప్పే బ్యారెల్ నుంచి సెకనుకు 3,000 అడుగుల వేగంతో బయటపడే తూటా, సెకనుకు 5 వేల సార్లకు పైగా గిరగిరా తిరుగుతుంది. అంత ఒరిపిడిలో కాస్త రాగి ఉక్కుకు అంటడం మామూలే.

ఈ తలనొప్పి పాతదే. 20వ శతాబ్దం తొలినాళ్లలో తూటాలకు రాగి-నికెల్ మిశ్రమం తొడిగేవారు. అది బ్యారెల్‌లో గడ్డలు కట్టేది, ఘాటైన అమోనియా ద్రావణంతో కరిగించాల్సి వచ్చేది. విరుగుడుగా 1921లో అమెరికా సైన్యం జాతీయ పోటీల తూటాలకు తగరం పూత వేయించింది. తీరా ఆ తగరం తూటాను కార్ట్రిడ్జ్ మెడకు అతికించేసింది. తూటాలకు గ్రీజు పూసే అలవాటున్న షూటర్ల రైఫిళ్లలో పీడనం ప్రమాదకర స్థాయికి పెరిగింది. మరుసటి ఏడాది పోటీలకు గిల్డింగ్ మెటల్ తొడుగు వచ్చింది.

కొత్త బ్యారెల్‌లో రాగి ఎక్కువగా పట్టడానికి కారణం ఉంది. ఛాంబర్ తొలిచే రీమర్, తూటా గాళ్లలోకి ప్రవేశించే చోట సన్నని అడ్డగీతలు వదులుతుంది. అవి రాగిని గీరుతాయి, వేడి వాయువు ఆ రాగిని ముందుకు మోసుకెళ్లి పూస్తుంది. కాల్చినకొద్దీ గీతలు అరిగి పూత తగ్గుతుంది. సెమీ ఆటోమేటిక్‌లో మరో చిక్కు గ్యాస్ పోర్ట్. బ్యారెల్ గోడకు వేసిన ఆ చిల్లు అంచును సరిగా నునుపు చేయకపోతే, ప్రతి తూటా నుంచీ కొబ్బరి కోరినట్టు రాగిని కోరుతుంది.

ఇక పరీక్ష. రైఫిల్ ఖాళీగా ఉందని రూఢి చేసుకున్నాకే ఇదంతా. అమోనియా ఉన్న సాల్వెంట్ రాగిని తాకితే నీలం రంగు పుడుతుంది. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో సాల్ట్ అనాలిసిస్ చేసినవాళ్లకు ఈ ముదురు నీలం గుర్తుండే ఉంటుంది. అయితే ఇత్తడి జాగ్ (కడ్డీ చివర గుడ్డను పట్టి ఉంచే మొన)లో, కంచు బ్రష్‌లో ఉన్నదీ రాగే. బ్యారెల్ తళతళలాడుతున్నా అవి గుడ్డకు నీలం అంటిస్తాయి. అందుకే ముందు నైలాన్ బ్రష్, ప్లాస్టిక్ జాగ్ వాడి చూడాలి. దీనికి వ్యతిరేకమైన మోసమూ ఉంది: రాగి మీద మసి పొర కప్పేస్తే గుడ్డ తెల్లగా వచ్చి, లోపల రాగి అలాగే ఉండిపోతుంది. మసిని ఒక సాల్వెంట్‌తో, రాగిని మరోదానితో మార్చి మార్చి తుడవడం ఇందుకే.

మూతి దగ్గర వాలుగా లైటు వేస్తే రాగి చారలు కంటికే కనబడతాయి. లోతుగా చూడాలంటే బ్యారెల్ లోపలిని చూపే బోర్‌స్కోప్ కావాలి. దాంతో జాగ్రత్త, చక్కగా కాల్చే బ్యారెల్ కూడా అందులో దున్నిన పొలంలా భయపెడుతుంది.

అసలు సాక్షి టార్గెట్ కాగితం. శుభ్రంగా ఉన్నప్పుడు గురి బాగుండి, రౌండ్లు పెరిగేకొద్దీ తూటా రంధ్రాల గుంపు విచ్చుకుపోయి, రాగి తీశాక మళ్లీ దగ్గరకు చేరితే, నేరం రాగిదే. తుడిచినా గురి చెదిరే ఉంటే స్కోప్ మౌంట్ స్క్రూలను, బ్యారెల్ నట్‌ను, మూతి అంచును అనుమానించాలి. ఇంట్లో బిగించిన రైఫిల్‌లో వదులైన స్క్రూయే ముందు చూడాల్సింది.

కొన్ని విడతలు కాల్చి, తుడిచాక కూడా రాగి అదే చోట, ముఖ్యంగా గ్యాస్ పోర్ట్ ముందు, అంతే మందంగా పడుతూ గురిని చెడగొడుతుంటే సాల్వెంట్ సీసాలు మార్చి లాభం లేదు. బోర్‌స్కోప్ ఫొటోలు, టార్గెట్ కాగితాలు జతచేసి బ్యారెల్‌ను తయారీదారుకు తిప్పి పంపడమే.