రెండేళ్ళ కాలేజీలో బాస్కెట్‌బాల్ కోచ్: ఆ ఉద్యోగం ఎలా ఉంటుంది?



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఎనిమిదో తరగతి బాబు నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు నా ముందు పెట్టి అడిగారు. "మేడమ్, వీడికి బాస్కెట్‌బాల్ తప్ప వేరే ధ్యాస లేదు. ఆడి ఆడి చివరికి ఏమవుతాడు? మహా అయితే పీఈటీ సార్. అంతేగా?" మా పీఈటీ సార్ పక్క టేబుల్ దగ్గరే ఉన్నారు. విననట్టు ఊరుకున్నారు. నాకు కూడా ఆ నిమిషంలో సరైన జవాబు తట్టలేదు. మ్యాథ్స్ మార్కుల గురించి రెండు మాటలు చెప్పి పంపించేశాను.

ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఆటను నమ్ముకున్నవాళ్ళు అనగానే మనకు ఎన్‌బీఏ స్టార్లే గుర్తొస్తారు. వాళ్ళ సంగతి అందరికీ తెలుసు. ఈ నెల నేను మీకు చెప్పాలనుకున్నది అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో బాస్కెట్‌బాల్ నేర్పే కోచ్‌ల గురించి.

మన దగ్గర పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్ళు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరతారు కదా. కమ్యూనిటీ కాలేజీ కూడా దాదాపు అలాంటి దారే. పన్నెండో తరగతి తర్వాత తక్కువ ఫీజుతో రెండేళ్ళు చదివి అసోసియేట్ డిగ్రీ తీసుకుంటారు. ఆ క్రెడిట్లతో యూనివర్సిటీలో మూడో సంవత్సరంలో చేరతారు. ఈ కాలేజీలకు సొంత క్రీడా సంఘాలున్నాయి. వాటిలో పెద్దది 1938లో మొదలైన ఎన్‌జేసీఏఏ. దాని పురుషుల బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నమెంట్ 1949 నుంచి కాన్సాస్ రాష్ట్రంలోని హచిన్సన్ అనే చిన్న ఊళ్ళో జరుగుతోంది. కాలిఫోర్నియా కాలేజీలకు వేరే సంఘం ఉంది. అక్కడ ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వకూడదన్నది రూలు.

ఈ కోచ్‌లలో చాలామంది ముందు స్కూల్లో పనిచేసినవాళ్ళే. నోలన్ రిచర్డ్‌సన్ సంగతి చూడండి. టెక్సస్‌లోని ఎల్ పాసోలో, తాను చదివిన బౌయీ హైస్కూల్లోనే ఆయన సుమారు పదేళ్ళు కోచ్‌గా ఉన్నారు. తర్వాత స్నైడర్ అనే ఊళ్ళోని వెస్టర్న్ టెక్సస్ కాలేజీకి వెళ్ళారు. 1980లో ఆయన జట్టు ఆడిన 37 మ్యాచ్‌లూ గెలిచి జాతీయ ఛాంపియన్ అయింది. వెంటనే టల్సా యూనివర్సిటీ పిలిచింది. స్నైడర్‌లో తన దగ్గర ఆడిన కొందరు పిల్లల్ని కూడా ఆయన వెంట తీసుకెళ్ళారు. చివరికి ఆర్కాన్సస్ యూనివర్సిటీకి 1994లో ఎన్‌సీఏఏ టైటిల్ తెచ్చారు. లూట్ ఓల్సన్‌దీ ఇదే దారి. పదేళ్ళకు పైగా హైస్కూళ్ళలో పనిచేసి, 1969లో లాంగ్ బీచ్ సిటీ కాలేజీలో చేరారు. 1997లో అరిజోనా యూనివర్సిటీని ఛాంపియన్ చేశారు.

ఇవన్నీ పైకి వెళ్ళినవాళ్ళ కథలు. నాకు ఎక్కువ నచ్చింది ఎక్కడికీ వెళ్ళని మనిషి కథ.

మిస్సోరీ రాష్ట్రంలో పాప్లర్ బ్లఫ్ అని ఒక చిన్న పట్టణం. అక్కడి త్రీ రివర్స్ కాలేజీకి జీన్ బెస్ 1970లో హెడ్ కోచ్ అయ్యారు. 2020లో రిటైరయ్యారు. యాభై ఏళ్ళు, ఒకే కాలేజీ. మొత్తం 1,300 మ్యాచ్‌లు గెలిచారు. 2001లో ఆయన వెయ్యో విజయం సాధించేనాటికి, పెద్ద యూనివర్సిటీలతో సహా ఏ స్థాయి కాలేజీ కోచ్ కూడా ఆ అంకె దాటలేదు. తర్వాత ఎన్‌బీఏలో పేరు తెచ్చుకున్న లాట్రెల్ స్ప్రీవెల్ ఈయన దగ్గర రెండేళ్ళు ఆడినవాడే. 2023లో బెస్ గారిని బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఆయన తర్వాత ఆ కోచ్ కుర్చీలో కూర్చున్నది ఆయన కొడుకే.

యాభై ఏళ్ళూ ఆయన చేసిన పని ఎంత కష్టమో ఒకసారి ఆలోచించండి. ఇక్కడ ఆటగాడు ఉండేది రెండేళ్ళే. అంటే ప్రతి ఏడాదీ సగం జట్టు వెళ్ళిపోతుంది, కొత్తవాళ్ళు వస్తారు. పిల్లవాడు బాగా ఆడితే కోచ్ పని అయినట్టే, ఎందుకంటే వాడు ఇక వెళ్ళిపోతాడు. (మేమూ పదో తరగతి పిల్లల్ని ప్రతి ఏడాదీ ఇలాగే పంపిస్తాం. కానీ మాకు వాళ్ళు కనీసం కొన్నేళ్ళు ఉంటారు.)

పైగా పని ఆట ఒక్కటే కాదు. చిన్న కాలేజీల్లో కోచ్ క్లాసులు చెబుతాడు, మ్యాచ్‌లకు వ్యాన్ నడుపుతాడు, జెర్సీలు ఉతికిస్తాడు, పిల్లలు క్లాసుకు వెళ్తున్నారో లేదో కనుక్కుంటాడు. ఈ చివరి పనే అన్నిటికన్నా ముఖ్యం. హైస్కూల్లో మార్కులు చాలక నేరుగా పెద్ద యూనివర్సిటీ జట్టులో ఆడే అర్హత రానివాళ్ళు ఈ కాలేజీలకు ఎక్కువగా వస్తారు. అసోసియేట్ డిగ్రీ పూర్తి చేయకపోతే వాళ్ళకు ఆ తలుపు తెరుచుకోదు. ఇంగ్లిష్ పేపర్లో ఫెయిలైతే ఎంత బాగా బాల్ వేసినా లాభం లేదు. ఇంగ్లిష్ టీచర్‌గా ఈ మాట రాయడం నాకు కొంచెం ఇష్టంగానే ఉంది.

జీతం, భద్రత మాత్రం కాలేజీని బట్టి మారతాయి. కాలిఫోర్నియాలో ఫుల్‌టైమ్ కోచ్ చాలాసార్లు అధ్యాపకుడే. ఆ పోస్టుకు మామూలుగా ఫిజికల్ ఎడ్యుకేషన్ వంటి సబ్జెక్టులో మాస్టర్స్ ఉండాలి. అసిస్టెంట్‌లు చాలామంది చిన్న మొత్తానికి పనిచేస్తూ, ఇల్లు గడవడానికి వేరే ఉద్యోగం చూసుకుంటారు. పైనుంచి కిందికి రావడం కూడా మామూలే. స్టీవ్ ఫోర్బ్స్ 2011లో టెనెసీ యూనివర్సిటీలో అసిస్టెంట్ ఉద్యోగం పోగొట్టుకుని, ఫ్లోరిడాలో ఒక రెండేళ్ళ కాలేజీకి వచ్చారు. అక్కడ రెండేళ్ళూ జట్టును జాతీయ ఫైనల్‌కు చేర్చారు. 2020లో వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీకి హెడ్ కోచ్ అయ్యారు.

ఇప్పుడు వీళ్ళకు కొత్త చిక్కు వచ్చింది. 2021 నుంచి యూనివర్సిటీ ఆటగాళ్ళు ఒక ఏడాది ఖాళీగా కూర్చోకుండానే కాలేజీ మారగలుగుతున్నారు. దాంతో పెద్ద కోచ్‌లు ఇంకో యూనివర్సిటీలో ఆడి అనుభవం ఉన్నవాడి వైపే ముందు చూస్తున్నారు. కమ్యూనిటీ కాలేజీ పిల్లవాడికి పోటీ పెరిగింది. అతన్ని పైకి పంపడమే పనిగా ఉన్న కోచ్‌కూ పెరిగింది.

మీ బంధువుల పిల్లలెవరైనా అక్కడ ఇలాంటి జట్టులో చేరాలనుకుంటే, కోచ్‌ను ఎన్ని మ్యాచ్‌లు గెలిచారని కాకుండా, పోయిన ఏడాది వెళ్ళినవాళ్ళలో ఎంతమంది డిగ్రీతో వెళ్ళారు, ఏ యూనివర్సిటీలో చేరారు అని అడగమనండి. మంచి కోచ్‌కు పేర్లతో సహా గుర్తుంటాయి.

జీన్ బెస్ గురించి చదివింది మా పీఈటీ సార్‌కు కూడా చెప్పాను. ఆయన అంతా విని, "యాభై ఏళ్ళలో ఎంతమంది పిల్లలై ఉంటారు మేడమ్?" అని వేళ్ళ మీద లెక్క వేయడం మొదలుపెట్టారు. లెక్క తేలేలోపు బెల్ కొట్టారు. ఏడో తరగతి వాళ్ళు అప్పటికే గ్రౌండ్‌లో ఉన్నారు.